నిన్నటి సంగతి అడగండి

2001 మే నెల, మిర్యాలగూడ. డిగ్రీ ఆఖరి పరీక్షలు రాసి ఖాళీగా తిరుగుతుంటే ఒక పని దొరికింది. ఇంటింటికీ వెళ్ళి ఎవరు ఏ పేపరు చదువుతున్నారో, టీవీలో ఏం చూస్తున్నారో, రేడియో వింటున్నారో లేదో అడిగి ఫారాలు నింపుకురావాలి. ఫారానికి 30 రూపాయలు. పొద్దున ఏడింటికి బయల్దేరితే ఎండ ముదిరేలోపు మూడు, సాయంత్రం ఇంకో మూడు అయ్యేవి. చేతిలో క్లిప్పున్న అట్ట, మెళ్ళో గుర్తింపు కార్డు, సంచిలో పేపర్ల పేర్లు రంగుల్లో అచ్చేసిన అట్టముక్కలు, ఒక నీళ్ళ సీసా.

రెండో రోజో మూడో రోజో, రైల్వే స్టేషన్ వైపు ఒక వీధిలో రిటైరైన మాస్టారొకాయన దొరికారు. మా పనిలో మనుషులు దొరుకుతారు, లేదా తప్పించుకుంటారు. ఈయన అరుగు మీద వాలుకుర్చీలో ఉన్నారు. ఒళ్ళో మడతపెట్టిన పేపరు, దాని మీద కళ్ళజోడు.

"ఏ పేపరు చదువుతారు సార్?"

"జ్యోతి. పాతికేళ్ళ నుంచీ జ్యోతే."

రాయబోయి ఆగాను. ఆంధ్రజ్యోతి అంతకుముందు ఏడాదే మూతపడింది. మళ్ళీ మొదలైంది 2002లో. అంటే ఆ మే నెలలో పొద్దున్నే ఆ పేపరు చదివే మనిషి రాష్ట్రం మొత్తం మీద ఒక్కడు కూడా ఉండే వీల్లేదు. ఆ మాటే మెల్లగా అన్నాను. మాస్టారు నన్ను ఎగాదిగా చూసి, "ఆగిపోతే ఏమైంది? మాది జ్యోతి ఇల్లు" అన్నారు. ఒళ్ళో ఉన్న పేపర్ని వేలితో తట్టి, "ఇది ఊరికే, పొద్దుపోక" అన్నారు.

సాయంత్రం సూపర్‌వైజర్‌ని అడిగితే "ఒళ్ళో ఏ పేపరుంటే అది రాయవయ్యా" అన్నాడు. సరైన సలహానే. అది ఎందుకు సరైనదో నాకు అర్థం కావడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది. ఈలోపు ఆ పనిలోనే ఉండిపోయాను. పాఠకుల మీద, ప్రేక్షకుల మీద ప్రశ్నాపత్రాలు రాయడం, ఎవరో రాసినవాటిని దిద్దడం, వాటిని పట్టుకుని ఊళ్ళు తిరిగే కుర్రాళ్ళకి ట్రైనింగ్ ఇవ్వడం. ఇప్పుడు జర్నలిజం చదివే పిల్లలకి వారానికి రెండు క్లాసులు కూడా చెప్తున్నాను. ప్రతి బ్యాచ్‌లోనూ నేను మొత్తుకునేది ఒకటే. ప్రశ్నాపత్రాన్ని మనం తలకిందులుగా వాడుతున్నాం. ఒక మనిషి నిన్న ఏం చేశాడో తెలుసుకోడానికి అది చక్కగా పనికొస్తుంది. కానీ ఆ సంగతి అడగం. నీకేం ఇష్టం, ఎందుకిష్టం, ముందుముందు ఏం చూస్తావు అని అడుగుతాం. ఇవి దానికి చేతకాని పనులు.

మాస్టారు అబద్ధమాడలేదు. నేనడిగిన ప్రశ్నకే జవాబిచ్చారు. "ఏ పేపరు చదువుతారు" అంటే "మీరెలాంటి మనిషి" అని అడిగినట్టే. ఇందులో మన భాష చేసే చిక్కు కూడా ఒకటుంది. "చూస్తారు" అన్నది రోజూ చేసే పనికీ అదే మాట, రేపు చేయబోయే పనికీ అదే మాట. "వార్తలు చూస్తారా?" అంటే "చూస్తా" అని జవాబొస్తుంది. రోజూ చూస్తున్నాడా, చూడాలనుకుంటున్నాడా, చూసే రకం మనిషినని మనకి చెప్పుకుంటున్నాడా? మూడూ ఆ ఒక్క మాటలో సర్దుకుంటాయి. ఇంగ్లీషులో తయారైన ఫారాన్ని రాత్రికి రాత్రి తెలుగు చేయించే ఆఫీసుల్లో ఈ సంగతి ఎవరికీ పట్టదు. అదే "నిన్న రాత్రి వార్తలు చూశారా?" అని అడిగితే జవాబు అటో ఇటో తేలిపోతుంది. మహా అయితే గుర్తులేదంటారు. గుర్తులేదన్నది కూడా పనికొచ్చే జవాబే.

ఇది నేను కనిపెట్టిందేం కాదు. బీబీసీ 1936లో శ్రోతల పరిశోధన మొదలుపెట్టి, రాబర్ట్ సిల్వీ అనే ఆయన్ని ఒక ప్రకటనల కంపెనీ నుంచి తెచ్చుకుంది. మొదట్లో ఆయన కూడా రేడియో నాటకాలు వినే కొన్ని వందలమందికి పోస్టులో ప్రశ్నాపత్రాలు పంపి ఎలా ఉందో చెప్పమన్నాడు. 1939 చివరికి పద్ధతి మారింది. రోజూ ఇంటర్వ్యూలు చేసేవాళ్ళు జనాన్ని కలిసి, ముందురోజు ప్రసారమైన కార్యక్రమాల పేర్లు గుర్తుచేస్తూ ఏమేం విన్నారని అడిగేవాళ్ళు. నచ్చిందా లేదా అన్న గొడవ వేరే శ్రోతల బృందాలకి వదిలేశారు. విన్నదాన్నీ నచ్చినదాన్నీ రెండు డబ్బాల్లో వేసుకున్నారన్నమాట. యుద్ధం నడుస్తున్న రోజుల్లో, బాంబుల మధ్య ఈ పని చేశారు. మనం ఏసీ గదిలో కూర్చుని ఆ రెంటినీ ఒకే ప్రశ్నలో కలిపేసి "మీకు నచ్చి తరచుగా చూసే కార్యక్రమం ఏది?" అని రాస్తున్నాం.

మనిషి చెప్పేదీ చేసేదీ ఎంత దూరంగా ఉంటాయో చెప్పే పాత కథ ఒకటుంది. 1930ల మొదట్లో అమెరికాలో రిచర్డ్ లాపియర్ అనే సామాజిక శాస్త్రవేత్త ఒక చైనీయ జంటతో కారులో దేశమంతా తిరిగాడు. చైనావాళ్ళంటే అక్కడ గిట్టని రోజులు. అయినా 251 హోటళ్ళకీ భోజనశాలలకీ వెళ్తే, పొమ్మన్నది ఒకే ఒక్క చోట. ఆర్నెల్ల తర్వాత ఆ చోట్లకే "చైనీయులు వస్తే ఆతిథ్యం ఇస్తారా?" అని ప్రశ్నాపత్రం పంపాడు. జవాబు రాసినవాళ్ళలో 90 శాతానికి పైగా ఇవ్వమన్నారు. మన దగ్గర ఇదే తిరగేసి జరుగుతుంది. "ఎలాంటి సినిమాలు రావాలని కోరుకుంటున్నారు?" అన్న ప్రశ్నకి నేను చూసిన ఫారాల్లో నూటికి తొంభై "కుటుంబ సమేతంగా చూసే మంచి సందేశాత్మక చిత్రాలు" అనే. అదే ఫారంలో కింద, పోయిన నెలలో థియేటర్‌కి వెళ్ళి చూసిన సినిమా ఏదని అడిగితే కత్తులూ నెత్తురూ. ఆ మనిషి మీద నాకేం ఫిర్యాదు లేదు. పై ప్రశ్న అడిగినవాడి మీదే.

మాటల సంగతికొస్తే, "చదవడం" అంత జారుడు మాట ఇంకోటి లేదు. "పేపరు చదువుతారా అమ్మా?" అంటే పల్లెల్లో చాలామంది ఆడవాళ్ళు "నాకు సదువు రాదు బిడ్డా" అనేవాళ్ళు. నేనడిగింది పేపరు సంగతి, ఆమె విన్నది బడి సంగతి. కాసేపు కూర్చుంటే అసలు విషయం బయటికొచ్చేది. పొద్దున్నే మనవడు గట్టిగా చదువుతుంటే వింటుంది, జిల్లా పేజీలో బొమ్మలు తనే చూస్తుంది, చావు కబుర్లు చదివించుకుంటుంది. ఫారంలో మాత్రం ఆమె పాఠకురాలు కాదు. మగవాళ్ళ దగ్గర ఇదే వ్యవహారం ఎదురు తిరిగేది. సంతకం తప్ప ఇంకేమీ రానాయన కూడా హోటల్ బెంచీ మీద నలుగురి మధ్య కూర్చుని "రోజూ చదువుతా, మొత్తం చదువుతా" అనేవాడు. చివరికి నా అంతట నేనే ప్రశ్న మార్చేశాను. "నిన్న పేపరు చూశారా?" అసలు మనం మామూలుగా అనేది కూడా అదే కదా, పొద్దున్నే ఎవరైనా ఎదురైతే "ఇవ్వాళ పేపరు చూశావా" అంటాం గానీ "చదివావా" అంటామా? ప్రశ్న మార్చినందుకు సూపర్‌వైజర్ తిట్టాడు. నియమం ప్రకారం ఫారంలో ఏముంటే అదే చదవాలి. అందరూ ఒకే మాట అడగకపోతే జవాబుల్ని కలపలేం. ఆయన చెప్పింది న్యాయమే. తప్పల్లా ఫారం రాసినాయనది. ఆయన ఆ పల్లెకి రాలేదు. తర్వాతెప్పుడో తెలిసింది, బ్రిటన్‌లో జాతీయ పాఠకుల సర్వే ప్రశ్న కూడా "చదివారా లేదా చూశారా, కనీసం రెండు నిమిషాలు" అన్న తీరులోనే ఉండేదట. ఆ రోజు ఈ ముక్క తెలిసుంటే సూపర్‌వైజర్‌తో ఇంకో రెండు మాటలు ఆడేవాణ్ణి.

ఇక అయిదు మెట్ల ప్రశ్నలు. 1932లో రెన్సిస్ లైకర్ట్ అనే అమెరికన్ ఈ పద్ధతి తెచ్చాడు. ఒక వాక్యం చెప్పి, దాంతో ఎంతవరకు ఒప్పుకుంటారో అయిదు మెట్లలో గుర్తు పెట్టమనడం. తెలుగులోకి వచ్చేసరికి అవి "పూర్తిగా ఏకీభవిస్తున్నాను, ఏకీభవిస్తున్నాను, తటస్థం, విభేదిస్తున్నాను, పూర్తిగా విభేదిస్తున్నాను" అయి కూర్చున్నాయి. ఇంట్లో మొగుడూ పెళ్ళాలు ఎన్నిసార్లు పోట్లాడుకున్నా ఎవరూ "నేను విభేదిస్తున్నాను" అనగా నేను వినలేదు. సరే, మాటలు మార్చి "చాలా బాగుంది" నుంచి "అస్సలు బాలేదు" దాకా పెట్టామనుకోండి. అప్పుడు అసలు తంటా మొదలవుతుంది.

ఒక సీరియల్ గురించి అడిగారనుకుందాం. "బాగుంది" అంటే ఒకటి. "బాగానే ఉంది" అంటే ఇంకొకటి. ఆ మధ్యలో దూరిన ఒక్క "నే" వెనక ఒక "కానీ" నక్కి ఉంటుంది. "బానే ఉందండీ" అని అండీ తగిలిస్తే మనల్ని నొప్పించడం ఇష్టం లేదని. "ఏదో, బానే ఉంది" అంటే బాలేదని. "పర్లేదు" అన్నది చెప్పే మనిషిని బట్టి ఉంటుంది. మా మేనత్త పర్లేదంటే అది ఆ ఏటి మేటి సినిమా కింద లెక్క, మా తమ్ముడు పర్లేదంటే ఇంటర్వెల్‌కే లేచొచ్చాడని లెక్క. ఫారం మీద ఇవన్నీ వెళ్ళి "బాగుంది" గడిలో పడతాయి. అక్కడి నుంచి కోడ్ అనే ఒక అంకెగా మారి, కంప్యూటర్లోకి వెళ్ళి "ప్రేక్షకుల సగటు సంతృప్తి 5కి 3.9" అయి బయటికొస్తాయి. దశాంశ స్థానం చూడగానే మనకి గౌరవం పుట్టుకొస్తుంది.

ఇంటికొచ్చి అడిగినవాణ్ణి చిన్నబుచ్చకూడదన్నది మనలో బాగా నాటుకుపోయిన విషయం. మంచినీళ్ళిచ్చి, ఫ్యాను కిందకి జరిగి కూర్చోమన్నాక, వాడు తెచ్చిన కార్యక్రమాన్ని బాలేదని ఎలా అంటారు? ఆ కార్యక్రమం తీసింది నేనే అనుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. "నీకు ప్రమోషన్ వస్తదా బిడ్డా, మంచిగ రాసుకో" అని ఒకావిడ నా చేతిలో రెండు మామిడిపళ్ళు పెట్టింది. ఆ ఫారం మొత్తం చాలా బాగుంది, చాలా బాగుంది, చాలా బాగుంది.

ఈ మర్యాదకి రెండో పక్క భయం. మన ఊళ్ళలో సర్వే అంటే గవర్నమెంటు. 2014 ఆగస్టు 19న తెలంగాణలో సమగ్ర కుటుంబ సర్వే జరిగినప్పుడు ఇంటి దగ్గర ఉండడం కోసం జనం ముంబయి నుంచి, సూరత్ నుంచి బస్సులెక్కి వచ్చారు. ఆ తర్వాత కొన్నేళ్ళ పాటు మా పిల్లలు ఫారం పట్టుకుని ఏ గుమ్మం ముందు నిలబడినా "ఇది దేనికి, పింఛనుకా, రేషను కార్డుకా?" అనే. దేనికీ కాదమ్మా, టీవీ చూసే అలవాట్ల గురించి అంటే ఎవరు నమ్ముతారు? పైగా మన దేశంలో ఇలాంటి సర్వేల్లో ఇంటి తరగతిని నిర్ణయించడానికి చాలా ఏళ్ళుగా రెండు సంగతులు అడుగుతూ వచ్చారు. ఇంట్లో ప్రధానంగా సంపాదించే మనిషి చదువు, ఒక జాబితాలో ఉన్న 11 వస్తువుల్లో ఎన్ని ఉన్నాయన్నది. ఆ జాబితాలో ఫ్యాను, గ్యాసు పొయ్యి, టీవీ, ఫ్రిజ్జు, వాషింగ్ మిషన్, కారు, ఏసీతో పాటు సాగుభూమి కూడా ఉంది. తెల్ల కార్డున్న ఇంట్లో కూర్చుని కారుందా, భూమెంత అని అడిగి చూడండి. లోపలి గదిలో సీరియల్ పాట వినిపిస్తుండగా "మాకు టీవీ లేదు" అని చెప్పించుకున్న అనుభవం నాకుంది. నేను లేదనే రాశాను. నియమం.

ఊళ్ళో భయమైతే సిటీలో గేటు. గేటెడ్ కమ్యూనిటీలో వాచ్‌మన్ దాటనివ్వడు. రెండుసార్లు, మూడుసార్లు వెళ్ళాలని పుస్తకంలో ఉంటుంది. మూడోసారి వాచ్‌మన్‌కి మన మొహం గుర్తుంటుంది, అంతే తేడా.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఆ 2001 మే ఆఖరి వారంలో వడగాడ్పులకి మనుషులు పగలు తలుపులు తీయడం మానేశారు. నాకింకా పన్నెండు ఫారాలు మిగిలున్నాయి. ఒక మధ్యాహ్నం బస్టాండు పక్క హోటల్లో కూర్చుని, రెండు టీలు తాగి, అయిదు ఫారాలు నేనే నింపేశాను. పేర్లు ఆ వీధిలో తలుపుల మీద చదివినవే. జవాబులు ఊహించినవి. చాలా టెన్షన్ పడ్డాను, ఎందుకంటే పదింటిలో ఒక ఇంటికి సూపర్‌వైజర్ మళ్ళీ వెళ్ళి బ్యాక్‌చెక్ చేస్తాడు. చేశాడు కూడా. దొరికింది నేను నిజంగా వెళ్ళిన ఇల్లే! అక్కడ నాతో మాట్లాడిన పెద్దాయన వారం తిరక్కుండానే తన జవాబులు మార్చేశాడు. "నువ్వసలు వెళ్ళావా?" అని నన్ను నిలదీశారు. దొంగ ఫారాలు అయిదూ చక్కగా పాసైపోయాయి. వాటిలో ఎక్కడా తేడా లేదు, మాట తడబాటు లేదు, గుర్తులేదన్న జవాబు ఒక్కటీ లేదు. అప్పట్నుంచీ మరీ శుభ్రంగా ఉన్న ఫారం కనిపిస్తే నాకు అనుమానమే. పిల్లలు తెచ్చిన ఫారాల్లో కొట్టివేతలు ఉంటే సంతోషిస్తాను.

ఇవన్నీ ఒకచోట పోగుపడితే ఏమవుతుందో 2014 జనవరిలో దేశం చూసింది. ఇండియన్ రీడర్‌షిప్ సర్వే 2013 లెక్కలు బయటికొచ్చాయి. రెండు లక్షలకు పైగా ఇళ్ళు తిరిగిన సర్వే అది. అచ్చు పత్రికల ప్రకటనల రేట్లు అప్పట్లో చాలావరకు దాని మీదే ఆధారపడేవి. నాగపూర్‌లో 60 వేలకు పైగా ప్రతులు అమ్ముడయ్యే హితవాద పత్రికకి ఆ ఊళ్ళో ఒక్క పాఠకుడు కూడా లేడని తేల్చింది. హిందూ బిజినెస్‌లైన్‌కి చెన్నైలో కంటే మణిపూర్‌లో మూడు రెట్లు పాఠకులున్నారంది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి నగరంలోనూ పాఠకులు 30 నుంచి 65 శాతం దాకా పడిపోయినట్టు వచ్చింది. పెద్ద పత్రికలన్నీ ఒక్కటై ఉమ్మడి ప్రకటన అచ్చేసి మరీ ఆ లెక్కల్ని కొట్టిపారేశాయి. వాళ్ళ కోపం సబబే. అరవై వేల ప్రతులు కొని ఒక్కరూ చదవకపోతే నాగపూర్ జనం వాటితో ఏం చేస్తున్నట్టు, మిక్స్చర్ పొట్లాలా? కానీ నాకు గుర్తున్నది ఇంకో సంగతి. అంతకుముందు ఏళ్ళలో పాఠకులు పెరిగారని ఇదే సర్వే చెప్పినప్పుడు, ఏ పత్రికా "ఎవరిని అడిగారు, ఏమని అడిగారు" అని ఆరా తీయలేదు. మొదటి పేజీలో నెంబర్ వన్ అని వేసుకున్నారు.

ఈ మధ్య ఇంటింటికీ తిరిగే పనే లేదు. గూగుల్ ఫారం చేసి వాట్సాప్‌లో పడేస్తే చాలు. పోయినేడు ఒక అమ్మాయి తన ప్రాజెక్టు తెచ్చి చూపించింది. తెలుగువాళ్ళు ఓటీటీలో ఏం చూస్తున్నారన్నది విషయం. నాలుగు వందల పైచిలుకు జవాబులు, రంగురంగుల చక్రాలు. ఎవరికి పంపావమ్మా అంటే కాలేజీ గ్రూపులు, అపార్ట్‌మెంటు గ్రూపు, అన్నయ్య ఆఫీసు గ్రూపు. అందులో అరవై దాటినవాళ్ళు ఎంతమందంటే వేళ్ళ మీద లెక్క. ఫోను లేనివాళ్ళు సున్నా. అది తెలుగువాళ్ళ సర్వే కాదు, ఆ అమ్మాయి కాంటాక్ట్ లిస్టు సర్వే. "కానీ సార్, నాలుగు వందలు దాటాయి కదా" అంది.

నాలుగు వందలేం ఖర్మ, 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక కోటిమందికి కార్డులు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటి ప్రకారం అధ్యక్ష ఎన్నికల్లో లాండన్ గెలవాలి. గెలిచింది రూజ్‌వెల్ట్, అదీ 48 రాష్ట్రాల్లో 46 చోట్ల. చిరునామాలు తీసుకున్నది ఎక్కువగా టెలిఫోన్ పుస్తకాల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ జాబితాల నుంచి. ఆ కరువు రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాళ్ళెవరు? పైగా పనిగట్టుకుని కార్డు నింపి పోస్టు చేసే ఓపిక, కోపం ఉన్నవాళ్ళెవరు?

అంత దూరం వెళ్ళక్కర్లేదు, మనకి ఝుమ్రీ తలైయా ఉంది. ఇప్పటి జార్ఖండ్‌లో అభ్రకం గనుల పక్కన ఒక చిన్న ఊరు. రేడియో సిలోన్‌లో, వివిధభారతిలో కోరిన పాటలు విన్నవాళ్ళెవరూ ఆ పేరు మర్చిపోరు. అక్కడి నుంచి అన్ని ఉత్తరాలు వచ్చేవి. ఆ ఉత్తరాలనే లెక్కపెట్టి శ్రోతల పటం గీసుంటే దేశానికి రాజధాని ఝుమ్రీ తలైయాయే అయ్యుండేది. ఉత్తరం రాసేవాడు వేరు, వినేవాడు వేరు. మా నాన్న రోజూ రేడియో విన్నారు, జీవితంలో ఒక్క కార్డు ముక్క రాయలేదు.

ఇప్పుడు మన ఝుమ్రీ తలైయా థియేటర్ల ముందుంది. హైదరాబాద్‌లో ప్రసాద్స్ దగ్గర తెల్లారేసరికి మైకులు బారులు తీరతాయి. "సినిమా ఎలా ఉంది బ్రో?" దీన్ని పబ్లిక్ టాక్ అంటారు. మొదటి ఆటకి వచ్చిన పబ్లిక్ ఎవరు? అభిమానులు, లేదా అవతలి హీరో అభిమానులు. పక్కన స్నేహితులు కాగితాలు విసురుతుంటే, ఎదురుగా కెమెరా ఉంటే, మనిషి ఇచ్చేది జవాబు కాదు, ప్రదర్శన. మా ఊరి థియేటర్లో టిక్కెట్లు చింపే వెంకటయ్య మామకి ఏ మైకూ ఉండేది కాదు. రెండో పాటకి ఎంతమంది బయటికొచ్చి బీడీ ముట్టించారో చూసి, సోమవారానికి సినిమా ఉంటుందో లేస్తుందో చెప్పేవాడు. సుమారుగా నిజమయ్యేది.

దీని మీద నా పిల్లలు వేసే ఎదురు ప్రశ్న గట్టిదే. అలాగైతే ప్రశ్నాపత్రాలు ఎందుకు, వ్యూస్ ఉన్నాయి కదా, ఎన్నో సెకనులో వీడియో వదిలేసి పోయారో కూడా తెలుస్తోంది కదా అంటారు. తెలుస్తోంది. వెంకటయ్య మామ బీడీల లెక్క లాంటిదే అది, ఇంకా సన్నటి లెక్క. కానీ అది ఫోన్ని లెక్కపెడుతుంది, మనిషిని కాదు. ఒకే ఫోనులో పొద్దున తాత భక్తి పాటలు, మధ్యాహ్నం కోడలు వంటల వీడియోలు, రాత్రి అన్నం తినిపించడానికి పిల్లాడికి బొమ్మలు. ఆ లెక్క దృష్టిలో ఆ ఇంట్లో ఒకే మనిషి ఉన్నాడు, వాడికి కాస్త పిచ్చి ఉంది. అంతకంటే ముఖ్యం, రానివాడి గురించి వ్యూస్ ఏమీ చెప్పలేవు. చూసినవాళ్ళ జాబితాలో చూడనివాడు ఉండడు. వాడి గడప తొక్కితే తప్ప వాడెందుకు చూడలేదో కాదు, వాడనేవాడు ఒకడున్నాడనే తెలియదు.

రేటింగుల కోసం కొన్ని ఇళ్ళల్లో టీవీకి తగిలించే మీటరు కూడా అంతే. యంత్రం కాబట్టి అబద్ధం చెప్పదంటారు. ఏ ఛానెల్ పెట్టారో యంత్రమే పట్టుకుంటుంది, నిజమే. కానీ ఎదురుగా ఎవరు కూర్చున్నారన్నది ఇంట్లో వాళ్ళు తమ తమ బటన్ నొక్కి చెప్పాలి. అంటే అది కూడా ఒక ప్రశ్నే, రోజూ అడిగే ప్రశ్న. మనుషుల మీద ఆధారపడింది కాబట్టే మనుషుల ద్వారా చెడుతుంది. 2020 అక్టోబరులో, మీటరున్న ఇళ్ళకి డబ్బిచ్చి తమ ఛానెల్ పెట్టించుకున్నారన్న రేటింగుల కుంభకోణం బయటపడి, వార్తా ఛానెళ్ళ రేటింగులు ఆపేస్తే మళ్ళీ రావడానికి 2022 మార్చి అయింది.

కాబట్టి ప్రశ్నాపత్రం ఉండాలి. కాకపోతే అది ఒంటరిగా ఊరికి వెళ్ళకూడదు. ఇలా చేసిన పని మన దేశంలోనే ఉంది, దాని గురించి చెప్పుకునేవాళ్ళే తక్కువ. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా, అమెరికా నుంచి అరువు తెచ్చుకున్న ఏటీఎస్-6 ఉపగ్రహంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి టీవీ చూపించారు. సైట్ ప్రయోగం అంటారు దాన్ని. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి, తెలుగులో కార్యక్రమాలు వచ్చేవి. రోజుకి నాలుగు గంటలు, పొద్దున పిల్లలకి, సాయంత్రం అందరికీ. ఊరికొక సెట్టు, బడి దగ్గరో పంచాయతీ దగ్గరో. ఇస్రో పరిశోధకులు పల్లెల్లో ప్రశ్నాపత్రాలతో పెద్ద సర్వేలు చేశారు. దాంతోపాటే కొందరు మానవశాస్త్ర పరిశోధకుల్ని కొన్ని పల్లెల్లో నెలల తరబడి కాపురం పెట్టించారు. టీవీ ముందు ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారు, ఎవరు దూరంగా నిలబడుతున్నారు, ఎవరు అసలు రావడం లేదు, ఇదంతా చూడాలంటే ఊళ్ళో ఉండాల్సిందే. ఫారంలో "నేను వెళ్ళను" అని రాసిన మనిషి వెళ్ళలేకపోతున్నాడా, వెళ్ళనివ్వడం లేదా అన్నది ఫారం చెప్పదు. రాకెట్లు చేసే సంస్థకి ఈ సంగతి యాభై ఏళ్ళ కిందటే తెలుసు. కంటెంట్ చేసే సంస్థలకి ఇప్పటికీ పట్టదు.

నా పిల్లలకి అంత భాగ్యం లేదు కాబట్టి చిన్న పద్ధతి ఒకటి పెట్టాను. ఫారం ఒకే పేజీ. ప్రశ్నలన్నీ నిన్నటివే. గంటల్లో అడగకూడదు, ఎవరూ గంటల్లో బతకరు. "నిన్న రాత్రి అన్నం తినేటప్పుడు టీవీ ఆన్‌లో ఉందా? రిమోట్ ఎవరి దగ్గరుంది? పక్కన ఎవరున్నారు?" ఇలా. తలుపు తీయని ఇళ్ళు, పొమ్మన్న ఇళ్ళు కూడా లెక్కలో రాయాలి, దాచకూడదు. ముందు పదిమందితో ఊరికే కూర్చుని మాట్లాడాకే ఫారం రాయాలి. ఇంకో నియమం ఉంది. ఫారం వెనక వైపు ఖాళీగా వదలాలి. పెన్ను జేబులో పెట్టేసి, వెళ్ళొస్తామని లేచి, గుమ్మం దగ్గర చెప్పులేసుకునేటప్పుడు మనుషులు అసలు మాట చెప్తారు. ఈ పనిలో తిరిగినవాళ్ళందరికీ ఇది అనుభవమే. బయటికొచ్చి మలుపు తిరగ్గానే ఆ మాట వెనక వైపు రాసుకోవాలి, వాళ్ళన్నది అన్నట్టుగా.

మొన్న జహీరాబాద్ వైపు వెళ్ళొచ్చిన కుర్రాడొకడు ఫారాలు ఇచ్చాడు. అందులో ఒక ముసలామె. రాత్రి ఎనిమిదిన్నర సీరియల్ నిన్న చూసిందా, చూసింది. మొన్న, చూసింది. మొత్తం అయ్యేదాకా కూర్చుందా, కూర్చుంది. ఏ మీటరు పెట్టినా, ఎవరొచ్చి అడిగినా ఆమె ఆ సీరియల్‌కి పక్కా ప్రేక్షకురాలు. ఫారం తిప్పితే వెనక పెన్సిల్‌తో రాసుంది: "నాకేం నచ్చది బిడ్డా ఆ సీరియలు. గా యాళ్ళకే మా కోడలు అచ్చి నా పక్కన కూసుంటది."

"దీనికి కోడ్ ఏమెయ్యాలి సార్?" అని అడిగాడు. ఫారం ఇంకా నా బల్ల మీదే ఉంది.